మీది ఏ సంఘమండీ?

పాలకొల్లు బస్సులో పక్కసీటు పెద్దావిడ అడిగింది: "మీది ఏ సంఘం బాబూ?" డెల్టాలో ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. అడిగినవారి చేతిలో బైబిలుంటే ఒక జవాబు, బ్యాంకు పాస్‌బుక్కుంటే ఇంకోటి. ఆవిడ చేతిలో రెండూ ఉన్నాయి.

ఈ మాటకు తొలి హక్కుదారులు బౌద్ధులు. కోనసీమలో ఆదుర్రు స్తూపం ఇటుకలు ఇంకా ఉన్నాయి. సంఘాన్ని శరణు కోరిన భిక్షువులే లేరు. మాట ఖాళీగా పడుంది కదా అని మిగతా అందరం తలా ఓ పక్కనుంచి దిగిపోయాం.

తెలుగు బైబిల్లో ఎక్లేసియా అనే గ్రీకు మాటకు సంఘం అని పెట్టారు. ఆ గ్రీకు మాటకు మొదట గుడితో పనేమీ లేదు. ఏథెన్సులో పౌరులు ఓటేయడానికి కూడే సభ అది. విడగొడితే 'బయటికి పిలవడం'. బైబిల్లోని అపొస్తలుల కార్యాల్లో ఎఫెసు పట్టణపు అల్లరి గుంపుకీ ఇదే గ్రీకు మాట వాడారు. ఎందుకు కూడామో చాలామందికి తెలియకుండానే కేకలేసిన గుంపు! మా నీటి సంఘం మీటింగు ఒక్కసారి చూసినవారెవరూ ఈ వాడుకను తప్పుపట్టరు.

చర్చి వేరే మాట. 'ప్రభువుది' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మన వాడుకలో చర్చి అంటే గోడలు, గంట, మైకు; సంఘం అంటే మనుషులు. గోడలకు ఏడాదికోసారి సున్నం వేస్తే చాలు. టెన్షనంతా సంఘంతోనే.

1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం వైపు బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ పని మొదలుపెట్టాయి. వాళ్లకు చర్చి కన్నా అసెంబ్లీ అన్న మాట ఇష్టం. కాబట్టి అక్కడెవరైనా "నాన్నగారు అసెంబ్లీకి వెళ్లారండీ" అంటే ఎమ్మెల్యేగారి ఇల్లనుకుని అర్జీ తీయకండి. కథోలికులు ఇంకా సాహసులు. చుట్టుపక్కల విశ్వాసులంతా ఒక గురువు కింద ఉండే పారిష్‌కు 'విచారణ' అని పేరు. "ముప్పై ఏళ్లుగా ఈ విచారణలోనే ఉన్నామండీ" అని ఒక పెద్దాయన నవ్వుతూ చెబితే, నేను లాయరు నంబరు వెతకబోయాను.

బయటికి పిలవడమన్న మూలార్థాన్ని మాత్రం మనవాళ్లు నిష్ఠగా పాటిస్తున్నారు. పెద్దల ఎన్నికలో ఓడినాయన ఎవరూ పిలవకుండానే బయటికి వెళ్లి, వీధి చివర రేకుల షెడ్డు వేసి, అసలు సంఘం తనదే అంటాడు. ఇది చర్చివాళ్ల జబ్బు మాత్రమే కాదు. కుల సంఘాల్లో ఇంకా ముదిరింది. వాళ్లకు షెడ్డు కూడా అక్కర్లేదు, లెటర్‌హెడ్డు చాలు.

ఇంతకీ పెద్దావిడ గోల వేరు. ఆదివారం తొందరలో డ్వాక్రా వాయిదా కవరు కానుకల సంచిలో వేసిందట. చర్చికని తీసిపెట్టిన యాభై రూపాయల కవరు సోమవారం డ్వాక్రా లీడరుకిచ్చింది. పాస్టరుగారు ఆమెకోసం ప్రత్యేక ప్రార్థన చేశారు, లీడరు ఫైన్ రాసింది.

"రెండూ సంఘానికే కదా బాబూ కట్టాను?" అంది ఆవిడ, పాస్‌బుక్కు బైబిల్లో పెట్టుకుంటూ.