రక్తం తిరిగొచ్చాక పేగుకు జరిగేది

పేగు రక్తనాళానికి అడ్డుపడ్డ రక్తపు గడ్డ తీసేశాం, రక్తం పారుతోంది, ఆపరేషన్ సక్సెస్ అన్నారు డాక్టర్లు. తెల్లారేసరికి బాబాయిని వెంటిలేటర్ మీద పెట్టారు. "రక్తం వచ్చిందన్నారు కదరా, మరి ఇప్పుడెందుకిలా అయింది?" అని చెన్నై ఐసీయూ బయట పిన్ని నన్నడిగింది. అక్కడ ఆమెకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు లేరు.

నిజానికి ఆ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. పేగుకు రక్తం ఆగితే కణాల్లోని శక్తి నిల్వలు కరిగిపోయి హైపోక్సాంథిన్ అనే పదార్థం పేరుకుంటుంది. రక్తంతోపాటు ఆక్సిజన్ ఒక్కసారిగా వచ్చినప్పుడు, క్సాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ రెండింటినీ కలిపి సూపరాక్సైడ్ లాంటి విషపు అణువులను పుట్టిస్తుంది. పార్క్స్, గ్రేంజర్ అనే శాస్త్రవేత్తలు 1986లో పిల్లుల పేగు మీద చేసిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపించింది. నాలుగు గంటలు రక్తం ఆగిన పేగుకన్నా, మూడు గంటలు ఆగి ఒక గంట రక్తం తిరిగి అందిన పేగే ఎక్కువ దెబ్బతింది.

అలాగని రక్తం ఇవ్వకుండా ఉండలేం. ఇవ్వకపోతే పేగు కుళ్లిపోతుంది.

ఆ తర్వాత మొదలయ్యేదే ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే రేపే మంట. రక్తనాళాల లోపలి పొర జిగురుగా మారి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను పట్టుకుంటుంది. క్రిములను చంపాల్సిన ఆ కణాలు మన కణజాలాన్నే కాలుస్తాయి. ముందుగా దెబ్బతినేవి పేగు లోపలి గోడ మీద చిన్న వేళ్లలా ఉండి ఆహారాన్ని పీల్చుకునే చూషకాల కొసలు. మామూలు రోజుల్లో కూడా అక్కడికి ఆక్సిజన్ తక్కువే అందుతుంది. ఆ పొర ఊడిపోతే పేగులోని బ్యాక్టీరియా, వాటి విషాలు రక్తంలోకి జారతాయి. మంటను రేపే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయన సంకేతాలు ఒళ్లంతా పాకుతాయి. పేగులో పుట్టిన మంట ఊపిరితిత్తులను ముంచేది ఇలాగే.

దీన్ని ఆపే మందు లేదా? గౌట్ అనే కీళ్ల జబ్బుకు వాడే, క్సాంథిన్ ఆక్సిడేజ్‌ను అడ్డుకునే అల్లోప్యూరినాల్ జంతువుల్లో కొంత పనిచేసింది. మనుషుల్లో మాత్రం ఈ గాయానికి ఖాయమైన మందంటూ ఇంకా రాలేదు. అందుకే నా బాధంతా ముందు పోయిన గంటల గురించే. రక్తం ఎంతసేపు ఆగితే తర్వాతి మంట అంత పెద్దది. బాబాయికి గుండె లయ తప్పే జబ్బు, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ జబ్బులో గుండెలో కట్టిన గడ్డ పేగు రక్తనాళంలోకి కొట్టుకుపోవచ్చు. అయినా నెల్లూరులో సాయంత్రం మొదలైన నొప్పికి రాత్రంతా గ్యాస్ ఇంజెక్షన్లే పడ్డాయి. పొట్ట నొక్కితే మెత్తగానే ఉంది, మనిషి మాత్రం మెలికలు తిరిగిపోతున్నాడు. ఈ పొంతన లేకపోవడమే పేగుకు రక్తం ఆగిందనడానికి పెద్ద గుర్తు. అది కనిపించగానే రక్తనాళాలను చూపే స్కాన్, సీటీ యాంజియో, తీయాలి. మామూలు ఎక్స్‌రే నార్మల్‌గా ఉన్నా ధైర్యపడకూడదు. తీరా చెన్నైకి మరో 175 కిలోమీటర్ల ప్రయాణం.

ఇంకో మాట డాక్టర్లకు. నెల్లూరు, తిరుపతి నుంచి ఇంతమంది వచ్చే ఊరిలో, రక్తం పారడం సగం పనేనని, రాబోయే రెండు రోజులే గండమని తెలుగులో చెప్పే మనిషి ఐసీయూ తలుపు దగ్గర ఉండాలి. చాలా కేసుల్లో 24 నుంచి 48 గంటల్లో పొట్ట మళ్లీ తెరిచి చూస్తారు. ఆ సంగతి ముందే చెప్పకపోతే, రెండో ఆపరేషన్ మొదటిదాని తప్పులా కనిపిస్తుంది.

బాబాయికీ అలాగే తెరిచి, నల్లబడిన పేగు ముక్క తీసేశారు. బతికాడు. పిన్ని మాత్రం మొదటి ఆపరేషన్‌లోనే ఏదో చెడగొట్టారని ఇప్పటికీ నమ్ముతోంది.