గ్లాసు నీళ్లు చెప్పిన కథ, చెప్పని కథ

ఎండలు మండిపోతున్న రోజులు. దాహంతో నాలుక పిడచగట్టుకుపోతున్నా ఆ యువతి నీళ్ల గ్లాసును పెదవుల దాకా తెచ్చి తోసేసేది. సుమారు ఆరు వారాలు పండ్లతోనే దాహం తీర్చుకుంది. ఒకనాడు హిప్నాసిస్‌లో అసలు సంగతి చెప్పింది. తనకు గిట్టని సహచరి గదిలో కుక్క ఒకటి గ్లాసులోంచి నీళ్లు తాగడం చూసింది. మర్యాదకోసం నోరు మెదపలేదు. అప్పుడు మింగేసిన కోపాన్ని ఇప్పుడు వెళ్లగక్కి, నీళ్లు అడిగి తాగింది. 1880–82 మధ్య వియన్నా వైద్యుడు జోసెఫ్ బ్రాయర్ వద్ద చికిత్స పొందిన ఆమెను, ఆయనా, మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడూ కలిసి 1895లో ‘అన్నా ఓ’ అన్న మారుపేరుతో లోకానికి పరిచయం చేశారు.

అచేతన మనసు సిద్ధాంతానికి బీజం ఇక్కడే ఉంది. భరించలేని భావాన్ని మనసు చెరిపేయదు, కంటికి కనబడకుండా దాస్తుంది. దాగినది ఊరుకోదు, వేషం మార్చుకుని వస్తుంది. కుంగుబాటు గురించి ఫ్రాయిడ్ 1917లో చెప్పిన మాట నన్ను ఇప్పటికీ ఆపి ఆలోచింపజేస్తుంది: ‘నేను పనికిరానిదాన్ని’ అని తనను తాను తిట్టుకునే మనిషి మాటలు జాగ్రత్తగా వింటే, వాటిలో చాలా తిట్లు దూరమైన ఆత్మీయులకే ఎక్కువ సరిపోతాయట. పోయినవారిపై కోపగించడం పాపమనిపించి, ఆ కోపం తనమీదికే తిరుగుతుంది.

అయితే బ్రాయర్ చికిత్స ముగిసిన 1882లోనే ఆమెను స్విట్జర్లాండ్‌లోని ఒక శానిటోరియంలో చేర్చాల్సి వచ్చింది. ప్రచురించిన కథనంలో ఆ సంగతి లేదు. లక్షణానికి అర్థం దొరకడం వేరు, జబ్బుకు కారణం దొరకడం వేరు. ఈ తేడాను మరచినందుకు మూల్యం చెల్లించింది తల్లులు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో భ్రమలు, భ్రాంతులతో మనిషిని వేధించే స్కిజోఫ్రెనియాకు తల్లి పెంపకమే కారణమన్నారు. బిడ్డకు ఆటిజం ఉంటే తల్లి మనసు మంచుగడ్డ అన్నారు. జన్యువుల పాత్ర బయటపడేదాకా ఎందరో తల్లులు చేయని తప్పుకు కుమిలిపోయారు. ఈ అన్యాయాన్ని ‘ఆనాటి అవగాహన అంతే’ అని సర్దిపుచ్చడం నాకు సమ్మతం కాదు.

1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతలపై తన వర్గీకరణ గ్రంథం మూడో కూర్పులో కారణాల ఊహలను పక్కనపెట్టి, లక్షణాల జాబితాలను ముందుకు తెచ్చింది. వైద్యుల మధ్య ఏకాభిప్రాయానికి అది అవసరమే. కానీ నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, అపరాధభావం అంటూ రెండు వారాల లెక్క చూసే కుంగుబాటు జాబితా, ఆ అపరాధం ఎవరి పట్ల అని అడగదు. మందు రాసే వైద్యుడికి ఆ ప్రశ్న అడిగే తీరిక ఉండాలని నా వాదన. జవాబును రోగ కారణంగా కాక, రోగి జీవితంగా వినాలి. మనసులోది మాటల్లో చెప్పించి ఊరటనిచ్చే పద్ధతికి ‘మాటల చికిత్స’ అన్న పేరు పెట్టింది బ్రాయరూ కాదు, ఫ్రాయిడూ కాదు. గ్లాసు తోసేసిన ఆ యువతే.