ఆవర్తనం పాఠం సూత్రంతో మొదలవకూడదు

ఇంటర్ మొదటి ఏడాది త్రికోణమితిలో రెండు మార్కులు తేలిగ్గా తెచ్చిపెట్టే ప్రశ్న ఒకటుంది. సైన్ ప్రమేయమో కొసైన్ ప్రమేయమో ఇచ్చి దాని ఆవర్తనం ఎంతో, అంటే ఎంత దూరానికి విలువలు మళ్లీ మొదటికొస్తాయో చెప్పమంటారు. ఎక్స్ ముందున్న అంకెతో 2π (రెండు పై)ని భాగిస్తే జవాబు వచ్చేస్తుంది. పిల్లలు రాస్తున్నారు, మార్కులు పడుతున్నాయి. అదే పిల్లల్ని ‘మన చుట్టూ ఇలా మళ్లీ మళ్లీ వచ్చేది ఒకటి చెప్పి, దానికి లెక్క కట్టండి’ అని అడిగితే చాలామంది బిక్కమొహం వేస్తారు. తప్పు వాళ్లది కాదు. విషయం చూపించకముందే సూత్రం చేతిలో పెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది.

ఈ వరస మార్చడానికి ఖరీదైన ల్యాబులేమీ అక్కర్లేదు. పంచాంగంలో ఏడాది పొడవునా సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు ఉంటాయి. వారానికో రోజు చొప్పున పగటి పొడవు లెక్కగట్టి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టమంటే తొమ్మిదో తరగతి పిల్లలైనా పెడతారు. హైదరాబాద్‌లో జూన్ మూడో వారంలో పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరు మూడో వారంలో సుమారు 11 గంటల 5 నిమిషాలు. నడిమి విలువ 12 గంటల చిల్లర, దానికి అటూ ఇటూ గంటకు కాస్త పైన ఊగిసలాట, 365 రోజులకు ఒక చుట్టు. సైన్ తరంగానికి కావలసిన సరంజామా అంతా అందులోనే ఉంది. ఆ వంపు తామే గీశాక సూత్రం చెబితే, అందులోని ఒక్కో అంకె ఎందుకుందో పిల్లలకు తెలుస్తుంది.

అసలు చదువు ఆ తర్వాతే. పగటి పొడవు బదులు సూర్యోదయ వేళల్నే గీయమనండి. డిసెంబరు 22 దాటితే పగలు పెరుగుతుంది కదా, సూర్యుడు త్వరగా ఉదయించాలి. కానీ హైదరాబాద్‌లో జనవరి మూడో వారం దాకా సూర్యోదయం ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. సాయంత్రాలు అంతకంటే ఎక్కువగా సాగుతాయి కాబట్టి పగలు పెరుగుతుంది. ఒక్క సైన్ వంపు ఈ చుక్కల మీద సరిగ్గా కూర్చోదు. ఎందుకని పిల్లలు అడుగుతారు. భూమి అక్షం వంపు, సూర్యుడి చుట్టూ తిరిగే దారి నిండు వృత్తం కాకపోవడం అప్పుడు చెప్పాలి. అడిగాక చెప్పిన మాట వంటబడుతుంది.

తీరంలోని బడులకు సముద్రమే ఉంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఇసుక మేట వేసిన మొగలో (నది సముద్రంలో కలిసే చోట) పోటు లేకుండా పడవ కదలదని మత్స్యకారుల పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ‘వచ్చే పదో తేదీ తెల్లవారుజామున పడవ దించవచ్చా?’ అన్న ప్రశ్నకు రెండు రోజుల పోటు వేళలతో జవాబు కట్టమనాలి. వేళ దాదాపు కుదురుతుంది, ఎత్తు కుదరదు. చంద్రుడి తరంగానికి 12 గంటల సూర్యుడి తరంగం కలిపితే అమావాస్య, పౌర్ణమి పోట్ల ఉద్ధృతి లెక్కలోకి వస్తుంది. సరిచూసుకోవడానికి సముద్ర సమాచారం అందించే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ పోటు అంచనాలున్నాయి.

ఇలాంటి ప్రశ్నకు ఒకే సరైన జవాబు ఉండదు. ఉపాధ్యాయులకు టెన్షన్ అక్కడే. సిలబస్ పూర్తి కావాలి, మూల్యాంకనంలో గొడవ రాకూడదు. వాళ్ల భయం న్యాయమైనదే, దాన్ని తీర్చాల్సింది ప్రభుత్వాలు. ప్రాజెక్టు వర్క్ పేరుతో చార్టు మీద బొమ్మలు అతికించే తంతుకు మళ్లీ దారి ఇవ్వకూడదు. పబ్లిక్ పరీక్షలో విలువల పట్టిక ఇచ్చి దానికి సరిపోయే గణిత నమూనా కట్టించే ప్రశ్న ఒక్కటైనా ఉండాలి. ఏ ఊహతో మొదలుపెట్టారు, నమూనా ఎక్కడ తప్పింది, ఎలా సరిదిద్దారు అన్నవాటికి విడివిడిగా మార్కులుండాలి. అలా దిద్దడంలో ఉపాధ్యాయులకు వేసవి సెలవుల్లోనే శిక్షణ ఇవ్వాలి. రెండు రాష్ట్రాల పరీక్షల బోర్డులు మాదిరి ప్రశ్నలను విద్యా సంవత్సరం మొదట్లోనే బడులకు పంపాలి.