గాలిదా, పొడిదా ఆ అమ్మోనియా?

(ఇద్దరి మధ్య బల్ల మీద లేత పసుపు పొడి ఉన్న సీసా. ఆయన ఉత్ప్రేరకాలు తయారుచేస్తారు. ఆమె అమ్మోనియా కొలుస్తారు.)

ఆయన: గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్ అండీ. యూరియాని 550 డిగ్రీల దగ్గర కాలిస్తే వచ్చింది. ఇనుము లేదు, రుథీనియం లేదు. నీళ్ళలో కలిపి, నైట్రోజన్ పంపి, దీపం వేస్తే చాలు, అమ్మోనియా వస్తుంది. కర్మాగారాల్లో అమ్మోనియా చేసే హేబర్-బాష్ పద్ధతికేమో 400 డిగ్రీలు దాటిన వేడి, వంద అట్మాస్ఫియర్ల పైన పీడనం. హైడ్రోజన్ కోసం మళ్ళీ సహజవాయువు.

ఆమె: లోహం లేదని మురిసిపోతున్నారు గానీ, పప్పు మొక్కల వేళ్ళ బుడిపెల్లోని బాక్టీరియా కూడా ఇనుమూ మాలిబ్డినమూ లేకుండా ఈ పని చేయదు.

ఆయన: లోహం చేసే పని, పొడిలో చేర్చిన బోరాన్‌తో చేయిస్తాం. దాని ఖాళీ ఆర్బిటాల్, అంటే ఎలక్ట్రాన్లు ఉండే చోటు, నైట్రోజన్ ఇచ్చే జంట ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. నిండిన ఆర్బిటాల్ తిరిగి ఎలక్ట్రాన్లు ఇస్తుంది. దాంతో ఆ మూడు బంధాల ముడి వదులవుతుంది.

ఆమె: మోలుకి 940 కిలోజౌళ్ళ ముడి అది! సరే, ఎంత వచ్చింది?

ఆయన: 50 మిల్లీగ్రాముల పొడికి గంటకి 5 మైక్రోమోళ్ళు. నాలుగు గంటలు నడిపాను.

ఆమె: అంటే 20. మీ పొడి బరువులో 60 శాతం నైట్రోజనే. 50 మిల్లీగ్రాముల్లో రెండు వేల మైక్రోమోళ్ళ పైనే ఉంటుంది. అందులో ఒక్క శాతం ఊడినా మీ 20 వచ్చేస్తాయి. దొంగ ఇంట్లోనే ఉంటే వీధంతా వెతకడం ఎందుకు?

ఆయన: కార్బన్ నైట్రైడ్ అంత సులువుగా విడిపోదండీ.

ఆమె: మొత్తం విడిపోనక్కర్లేదు, అంచుల్లోని నైట్రోజన్ ఉన్న అమైన్ గుంపులు చాలు. వెలుతురు పడి ఎలక్ట్రాన్లు లేచిపోయాక మిగిలే ఖాళీలను, అదే రంధ్రాలను, పట్టుకునేందుకు మెథనాల్ వేశారా?

ఆయన: వేశాను. లేకపోతే ఎలక్ట్రాన్లు వెనక్కి పోయి రంధ్రాల్లో పడిపోతాయి.

ఆమె: ఆ మెథనాల్ ఫార్మాల్డిహైడ్‌గా మారుతుంది. అమ్మోనియాని రంగుతో కొలిచే నెస్లర్ ద్రావణంలో అది రంగు లెక్కని పాడుచేస్తుంది. గది గాలి, చేతి తొడుగులు, మన ఊపిరి... వీటన్నిటిలోనూ అమ్మోనియా ఉంటుంది. మీరు కొలిచేది మైక్రోమోళ్ళలో!

ఆయన: ఇన్ని అనుమానాలు పెట్టుకుంటే కొత్త పదార్థం ఒక్కటీ బయటికి రాదు. 460 నానోమీటర్ల దాకా వెలుతురు తాగే పొడి ఇది. మామూలుగా వాడే టైటానియం డయాక్సైడ్‌కి అతినీలలోహితమే కావాలి, ఎండలో అదుండేది 5 శాతమే.

ఆమె: తాగుతుంది, నేను కాదనను. ఆ శక్తి ఎటు పోతోందన్నదే నా గొడవ. నీళ్ళలోంచి హైడ్రోజన్ తీయడం దానికి ఎంతో తేలిక. పైగా నైట్రోజన్ నీళ్ళలో సరిగా కరగదు. నైట్రోజన్ బదులు ఆర్గాన్ పంపి ఇదే ప్రయోగం చేశారా?

ఆయన: ...లేదు.

ఆమె: చేయండి. అందులోనూ అమ్మోనియా కనిపిస్తే అది గాలి నైట్రోజన్‌ది కాదు. కనిపించకపోతే, విడిగా గుర్తుపట్టగలిగే బరువైన రకం నైట్రోజన్-15 వాయువుతో మళ్ళీ చేద్దాం.

ఆయన: ఆ సిలిండర్ ధర ఎంతో తెలుసా మీకు?

ఆమె: తెలుసు. అందులోనే నైట్రోజన్-15 అమ్మోనియా జాడలు ఉండొచ్చనీ తెలుసు. అందుకే ముందు ఆమ్లంలోంచి పంపి కడగాలి.

ఆయన: (సీసా మూత బిగిస్తూ) ఆర్గాన్ సిలిండర్ ఎక్కడుంది?