సెక్షన్ల నంబర్లు మార్చారు సరే, చదివేదెవరు?

ఈ మధ్య ఒక జిల్లా కోర్టు వరండాలో ఓ ముందస్తు బెయిలు పిటిషన్ నా కంటపడింది. మొదటి పేజీలో సెక్షన్ 438 అని టైపు చేసి, పెన్నుతో కొట్టేసి 482 అని రాశారు. మూడో పేజీలో 438 అలాగే ఉంది. ఐదో పేరాలో నిందితుడి పేరే వేరు. పాత కేసు ఫైలు కాపీ చేసి పేర్లు మారుస్తూ అక్కడ మర్చిపోయారు. కోర్టు ఆఫీసు అభ్యంతరం రాసి రిటర్న్ చేసింది. "మళ్లీ వేసేలోపు మా ఆయన్ని పట్టుకుపోతే ఎట్లా సారూ?" అని ఆ ఇంటావిడ ప్లీడరు గుమాస్తాని అడుగుతోంది. ఫీజు ముందే కట్టేసింది.

2024 జూలై 1 నుంచి మూడు కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ పోయి న్యాయ సంహిత, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ పోయి నాగరిక్ సురక్షా సంహిత, పాత సాక్ష్య చట్టం పోయి సాక్ష్య అధినియమం వచ్చాయి. పాత సీఆర్‌పీసీలో 438 అంటే ముందస్తు బెయిలు, 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు. క్వాష్ 528కి పోయింది. హత్య 302 నుంచి 103కి, మోసం 420 నుంచి 318కి, వరకట్న వేధింపుల 498ఏ 85కి మారాయి. న్యాయ సంహితలో ఇప్పుడు 302 అంటే మత భావాలను గాయపరిచే మాటలు అనడం. లోపలి వాక్యాలు చాలావరకు 1860 నాటివే. దీన్ని సంస్కరణ అనడానికి నాకు మనసొప్పదు.

ఎందుకంటే ఆ నంబర్లు లాయర్ల సొత్తు కాదు. బడికి వెళ్లనివాళ్లు కూడా "వాడొట్టి ఫోర్ ట్వంటీ", "ఊళ్లో 144 పెట్టారు" అంటారు. చట్టంతో సామాన్యుడికున్న పరిచయమే అంత. దాన్నీ చెరిపేశారు. పైగా 2024 జూలైకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి, ఒకే కోర్టులో ఒకే రోజు రెండు చట్టాలూ నడుస్తాయి. ఏళ్ల తరబడి నడుస్తాయి.

హిట్ అండ్ రన్‌కి పదేళ్ల వరకు శిక్ష వేసే న్యాయ సంహిత 106(2) సంగతి ఇంకా విచిత్రం. ఈ చట్టాలను 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది. అప్పటికి రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష ఎంపీలు సస్పెన్షన్‌లో ఉన్నారు. జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగితే హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బండ్లు బారులు తీరాయి. చివరికి మిగతా చట్టమంతా అమల్లోకి తెచ్చి ఆ ఒక్క ఉపసెక్షన్‌నీ పక్కన పెట్టారు. ముందే డ్రైవర్లను కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే సరిపోయేది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్. బెదిరిస్తూ పంపిన వాయిస్ మెసేజ్ ఒక ఆడపిల్ల ఫోన్లో ఉందనుకోండి. దాని కాపీని కోర్టులో పెట్టాలంటే రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి. ఒకటి ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్లు ఇవ్వాలి. రెండోది నిపుణుడు ఇవ్వాలి. అందులో హ్యాష్ వాల్యూ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్రలాంటి కోడ్, రాయాలి. చిన్న ఊళ్లో ఆ నిపుణుణ్ని ఎక్కడ వెతకాలి? ఇదంతా ప్లీడరుకి తెలిసి ఉండాలి. తెలియకపోతే పెన్‌డ్రైవ్ ఇచ్చి ఊరుకుంటాడు. విచారణలో అవతలి లాయరు అభ్యంతరం చెబుతాడు. ఉన్న ఒక్క సాక్ష్యం పక్కకు పోతుంది.

వృత్తి ప్రమాణాలు దిగజారాయని పెద్ద లాయర్లు వాపోతుంటారు. నిజమే, కానీ తప్పంతా జూనియర్లదే అంటే ఒప్పుకోను. బార్ కౌన్సిల్ పరీక్ష ఒక్కసారి గట్టెక్కితే, చట్టం తలకిందులైనా మళ్లీ చదివావా అని అడిగేవాళ్లు లేరు. చాలా ఆఫీసుల్లో సీనియర్ జీతం ఇవ్వడు, డ్రాఫ్టింగ్ నేర్పడు, వాయిదాలు అడగడానికి పంపుతాడు. దగ్గరి దారిగా ఇప్పుడు ఏఐ దొరికింది. 2024 డిసెంబరులో బెంగళూరు ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉత్తర్వులోకే అసలు లేని తీర్పులు వచ్చి చేరాయి. తర్వాత ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. వాదించేవాళ్లు, రాసేవాళ్లు తీర్పు తెరిచి చూసి ఉంటే అది బయటికే వచ్చేది కాదు.

జిల్లాకో న్యాయసేవాధికార సంస్థ ఉంది. అక్కడ 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇచ్చే మనిషిని ఒకరిని కూర్చోబెట్టాలి, పేదవాళ్ల దగ్గర రూపాయి తీసుకోకుండా. కొత్త చట్టాల మీద తప్పనిసరి శిక్షణ పెట్టాల్సింది బార్ కౌన్సిల్. అది పూర్తిచేయని లాయరు వకాలత్‌ను, ఎంత సీనియర్‌దైనా సరే, క్రిమినల్ కేసులో తీసుకోకూడదు.