నెట్ స్పెండ్ గారికి బహిరంగ లేఖ

శ్రీయుత నెట్ స్పెండ్ గారికి,

నమస్కారాలు. ఫుట్‌బాల్ క్లబ్ కొన్న ఆటగాళ్ల ధరలోంచి అమ్మినవాళ్ల ధర తీసేస్తే మిగిలే అంకె తమరు. చేసే పని అంతే అయినా, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అభిమానుల్లో తమరికున్న పరపతి కప్పులకు కూడా లేదు. గెలిస్తే "చూశారా, ఎంత తక్కువలో కొట్టామో" అంటారు. ఓడితే "వాళ్లలా డబ్బు పోస్తే మేమూ కొడతాం" అంటారు. రెండిటికీ సాక్షి సంతకం తమరిదే.

తమరి లెక్కల్లో నాకు బాగా నచ్చింది అలెక్సిస్ శాంచెజ్ పద్దు. 2018 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్ మిఖితర్యాన్‌ని ఆర్సెనల్‌కి ఇచ్చి శాంచెజ్‌ని తెచ్చుకుంది. కుండమార్పిడి సంబంధం కాబట్టి కట్నం లేదు, తమరి పుస్తకంలో ఖర్చు సున్నా. 7వ నంబరు జెర్సీ ఇచ్చి, పియానో ముందు కూర్చోబెట్టి వీడియో తీశారు. జీతం మాత్రం లీగ్‌లో అందరూ నోరెళ్లబెట్టేంత! ఆడింది 45 మ్యాచ్‌లు, వేసింది 5 గోల్స్. 2020లో ఇంటర్ మిలాన్‌కి ఊరికే వదిలేశారు. పోయింది సున్నా, వచ్చింది సున్నా. ఇంతకన్నా చవక బేరం ఉంటుందా?

జీతాలు తమరి కంటికి ఆనవు. పట్టికలో ఎవరు పైనుంటారో చెప్పడానికి కొనుగోళ్ల కన్నా జీతాల బిల్లే ఎక్కువ పనికొస్తుందని ఆర్థికవేత్తలు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. వినేదెవరు?

పోగ్బా పద్దు మాత్రం తమరూ దాచలేకపోయారు. 2012లో యునైటెడ్ నామమాత్రపు పరిహారానికి యువెంటస్‌కి వదిలేసిన కుర్రాణ్ణే 2016లో 8.9 కోట్ల పౌండ్లకు, అప్పటి ప్రపంచ రికార్డు ధరకు, వెనక్కి తెచ్చారు. 2022లో కాంట్రాక్టు అయిపోయి మళ్లీ యువెంటస్ గడపే తొక్కాడు, పైసా రాల్చకుండా. 2013లో మేనేజర్ ఫెర్గూసన్ దిగిపోయాక ఆ క్లబ్ కొనని ఖరీదైన సరుకు లేదు. 2024-25లో మాత్రం 15వ స్థానం.

చెల్సీ వాళ్లు ఇంకా ఘటికులు. కొన్న ధరను కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి రాసుకోవచ్చు కాబట్టి, కొన్నవాళ్లకు ఏడెనిమిదేళ్ల కాంట్రాక్టులు రాసి ఖర్చును సాగదీశారు. ఐదేళ్లు మించి పంచకూడదని యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఫా రూల్ పెట్టాల్సి వచ్చింది. స్టేడియం పక్కనున్న సొంత హోటళ్లు రెండిటిని సోదర కంపెనీకే 7.65 కోట్ల పౌండ్లకు అమ్ముకుని లాభం రాసుకున్నారు. ఆ హోటళ్లను వింగర్లుగా (అంచున ఆడే ఆటగాళ్లుగా) నమోదు చేసి ఉంటే తమరి ఖాతాలో కూడా పడేవి కదా!

ఇక లివర్‌పూల్. 2024-25 టైటిల్‌కి కొత్తగా కొని ఆడించింది ఒక్క కియేజానే. ఆ ఏడాది వాళ్ల అభిమానులు తమరి ఫొటోకి దండ వేయలేదంతే. టైటిల్ కొట్టాక 2025 వేసవిలోనే ఇసాక్‌కి 12.5 కోట్ల పౌండ్లు పెట్టి బ్రిటిష్ రికార్డు కొట్టారు, విర్ట్జ్‌కి 10 కోట్లు పోశారు. అప్పుడు "అమ్మకాలు కూడా చూడండి బాబూ" అంటూ మళ్లీ తమరి కాళ్లే పట్టుకున్నారు.

ఆటగాళ్ల కొనుగోళ్ల గడువు (విండో) మూసే రాత్రి తమరికి క్షణం తీరిక ఉండదని తెలుసు. వీలు చూసుకుని ఆ శాంచెజ్ పే స్లిప్పు ఒకసారి తిరగేయండి.

ఇట్లు,
వాట్సాప్ గ్రూపులో తమరి స్క్రీన్‌షాట్లతో వేగలేని ఒక అభిమాని