ఉల్లిపొట్టుకు పట్టాభిషేకం

ఈస్టరు పండక్కి ఉడికిన గుడ్లకు రంగులేసి బుట్టలో పెట్టడం అమెరికాలో ఆచారం. ఆ పండగ దగ్గరపడితే చాలు, ఫోన్ వీడియోలో ఓ తెల్లటి వంటిల్లు ప్రత్యక్షమవుతుంది. తెల్ల పాలరాయి గట్టు, తెల్ల గౌనులో ఓ ఇల్లాలు, చేతిలో పసుపు డబ్బా. రసాయనాలు మానేద్దాం, గుడ్లకు పసుపు, ఉల్లిపొట్టు లాంటి వంటింటి రంగులే వేద్దాం అని మెత్తగా ఉపదేశిస్తుంది. మంచిమాటే. కానీ తెల్లబట్టలు కట్టుకుని పసుపు డబ్బా మూత తీసిందంటే, ఆ గట్టు తుడిచేది వేరేవాళ్లని మన ఆడవాళ్లెవరైనా చెప్పేస్తారు.

ఇక విధానం, శ్రద్ధగా రాసుకోండి. నీలం కావాలంటే ఎర్ర క్యాబేజీ కొనాలి. (పేరుకు ఎరుపు, చూడ్డానికి ఊదా, దిగేది నీలం. ప్రకృతిని ప్రశ్నించకూడదు.) సన్నగా తరిగి, మరిగించి, వడగట్టి, చల్లార్చి, వెనిగర్ కలిపి, ఉడికిన తెల్లగుడ్లను ముంచి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మధ్యలో లేచి తిప్పాలి, లేకపోతే ఓ పక్క మచ్చ పడుతుంది. తెల్లారాక చెంచాతో పైకి తీయాలి. వెనిగర్ పెంకులోని కాల్షియం కార్బొనేట్‌ను రాత్రంతా కొరికింది కదా, తడిమీద వేలు తగిలితే రంగు ఊడొస్తుంది. ఆరాక, పురిటిబిడ్డకు రాసినంత ఓపికగా నూనె రాసి మెరుగు పెట్టాలి.

అంత చేసి ఆ గుడ్డును ఎక్కడ పెడతారు? ప్లాస్టిక్ గడ్డి పరిచిన బుట్టలో! పక్కనే జెల్లీ బీన్లనే రంగురంగుల మిఠాయి గింజలు. వాటిలో చాలావాటి రంగులు పెట్రోలియం నుంచి తీసినవే. రెడ్ నంబర్ 3 అనే అలాంటి ఎర్రరంగును తిండిలోంచి తీసేయమని 2025 జనవరిలో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పి, కంపెనీలకు 2027 జనవరి దాకా గడువిచ్చింది. అంటే వలిచి పారేసే పెంకుకేమో ప్రకృతి వైద్యం, పిల్లాడి కడుపులోకి వెళ్లేదానికి గడువు!

మన తెలుగు వాట్సాప్ గ్రూపులకు ఇవేవీ పట్టవు. పసుపు మనదేనట, అందుకని ఛాతీలు పొంగాయి.

ఐరోపాలోని లాత్వియా, లిథువేనియా దేశాల పల్లెల్లో అమ్మమ్మలు ఈస్టరు కోసం ఉల్లిపొట్టు దాచేవారు. చిన్న ఆకును పెంకుకు ఆనించి, పాత మేజోడు ముక్కతో బిగించి, పొట్టు నీళ్లలో ఉడికిస్తే ఇటుకరంగు మీద ఆకు ఈనెలతో సహా తెల్లగా తేలుతుంది. ఉల్లి కూరలోకి, పొట్టు రంగులోకి, గుడ్డు పిల్లల నోట్లోకి. కాణీ ఖర్చు లేదు. ఆ పొట్టుకు ఇప్పుడు పట్టాభిషేకం చేసి, దాచుకున్నవాళ్లను మాత్రం గుమ్మం బయటే నిలబెట్టారు.

మరి వడగట్టిన క్యాబేజీ ఏమైంది? ఏ వీడియోలోనూ చూపించరే! నాలుగు ఆవాలు చిటపటలాడిస్తే ఇంటిల్లిపాదికీ కూర అయ్యేది, చెత్తలోకి పోయింది. 2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్లు సగటున 6.23 డాలర్లు పలికాయి. కొనలేక జనం అర డజను డబ్బాలు వెతుక్కున్నారు. తిండి ఉచితంగా పంచే ఫుడ్ బ్యాంకు ముందు పిల్లల్ని చంకనేసుకుని తల్లులు నిలబడే దేశంలో, తిండిని రంగునీళ్లు చేసి పారబోయడానికి సిగ్గుండక్కర్లేదా? దానికి పైనుంచి పర్యావరణ ప్రేమా?

గుడ్లైనా తిన్నారా అంటే, అదీ లేదు. ఉడికిన గుడ్డు రెండు గంటలకు మించి బయట ఉంటే తినొద్దంటుంది అక్కడి వ్యవసాయ శాఖ. ఫొటోలకే అంతకన్నా ఎక్కువ పట్టింది. కాబట్టి అవీ క్యాబేజీ వెనకే వెళ్లాయి. వీడియో కింద ట్యాగు: జీరో వేస్ట్.